సీమరేగుకూ ఒక కాలం ఉంది

యాపిల్‌కు తెలుగులో సీమరేగు అని ఒక పాత పేరు ఉంది. పరాయి దేశం నుంచి వచ్చిన వస్తువును ఊళ్లో తెలిసిన వస్తువుతో పోల్చి, ముందు ‘సీమ’ చేర్చి పేరు పెట్టుకోవడం తెలుగువారి అలవాటు కాబట్టి సీమచింత, సీమవంకాయ, సీమసున్నం లాగే సీమరేగు కూడా పుట్టింది. కాని అది వాడుకలో నిలవలేదు. తమాషా ఏమిటంటే, ఇప్పుడు సంక్రాంతికి ముందు బెంగళూరు తోపుడు బళ్ల మీదికి కోడిగుడ్డంత లావున, లేత ఆకుపచ్చ రంగులో వచ్చే కొత్తరకం రేగుపండును అమ్మేవాళ్లు ‘యాపిల్ బేర్’ అంటున్నారు. ఒకనాడు యాపిల్‌ను పోల్చుకోవడానికి రేగు కావలసి వచ్చింది, ఈనాడు రేగును అమ్ముకోవడానికి యాపిల్ కావలసి వస్తోంది. వృక్షశాస్త్రం ప్రకారం ఈ రెండూ వేర్వేరు కుటుంబాలవే అయినా రోజేల్స్ అనే ఒకే క్రమంలోకి వస్తాయి కనుక, పాత పేరు పెట్టినవారు తెలియకుండానే ఒక దూరపు చుట్టరికాన్ని పట్టుకున్నారని చెప్పవచ్చు.

బెంగళూరుకు కొత్తగా వచ్చిన తెలుగువారిని తికమకపెట్టే జంట ఇంకొకటి ఉంది. కన్నడంలో యాపిల్‌ను సేబు అంటారు, జామను సీబె అంటారు. చెవికి ఇంత దగ్గరగా వినిపించే ఈ రెండు మాటలకు ధరలో మాత్రం చాలా ఎడం ఉంటుంది. అయితే ఈ తికమక ఎంతోకాలం నిలవదు. కోలారు, చిక్కబళ్లాపురం, హిందూపురం వైపు నుంచి వచ్చి నగరంలో పండ్లు అమ్ముకునేవారిలో తెలుగు ఇంటిభాషగా ఉన్నవారు తక్కువేమీ కాదు, బేరం రెండో మాటకే తెలుగులోకి తిరుగుతుంది.

ఆ బేరాలను కాస్త గమనిస్తే ఒక విచిత్రం బయటపడుతుంది. మే నెలలో బండి ముందు నిలబడిన తెలుగు మనిషి బంగినపల్లి వచ్చిందా, రసపురి ఎలా ఉంది, మల్లిక దిగడానికి ఇంకా ఎన్నాళ్లు పడుతుంది, ఇవి ఏ ఊరి కాయలు అని పేరు పేరునా అడుగుతాడు. నూజివీడు వైపు వాళ్లయితే చిన్నరసం, పెద్దరసం దొరకనందుకు విచారిస్తారు, చిత్తూరు వాళ్లయితే తోతాపురిని ముక్కలు కోసుకొని ఉప్పూ కారమూ అద్దుకోవడానికి ఏరుకుంటారు. అదే మనిషి సెప్టెంబరులో యాపిల్ బండి దగ్గర “కేజీ ఎంత? తియ్యగా ఉంటాయా?” అనే రెండు ప్రశ్నలతో సరిపెడతాడు. ఏ రకమో, ఏ కొండదో, ఏ నెలలో కోసిందో అడగడు. సంవత్సరం పొడుగునా దుకాణంలో కనిపించే పండుకు కాలం ఉంటుందనే ఊహ అతనికి రాదు. యాపిల్ చప్పగా, పిండిపిండిగా ఉంటుందనీ, అది జ్వరం వచ్చినవాళ్ల తిండి అనీ తెలుగిళ్లలో స్థిరపడిపోయిన అభిప్రాయానికి కారణం పండులో కన్నా ఈ కొనే తీరులోనే ఎక్కువగా ఉంది.

ఈ తీరు ఎలా అలవాటైందో ఊహించడం కష్టం కాదు. యాపిల్ దక్షిణాదికి ఇష్టమైన పండుగా కాక మర్యాద పండుగా వచ్చింది. ఆసుపత్రిలో ఉన్నవారిని చూడబోతూ వట్టి చేతులతో వెళ్లకూడదు గనుక అరడజను యాపిల్స్ కాగితం సంచిలో పట్టుకెళ్లడం, నిశ్చితార్థం పళ్లేల్లో వాటిని గోపురంలా పేర్చడం దాని తొలి ఉపయోగాలు. వంద గ్రాముల జామపండులో విటమిన్ సి 200 మిల్లీగ్రాములకు పైగా ఉంటే యాపిల్‌లో 5 మిల్లీగ్రాముల చుట్టుపక్కలే ఉంటుంది. అయినా రోగి మంచం పక్కన జామపండ్లు పెట్టినవారిని లోకం పిసినారులనే అనుకుంటుంది. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్న సామెతకు ఇంతకన్నా సూటి ఉదాహరణ దొరకదు. ఇవ్వడానికి కొనే వస్తువుకు చూపు ముఖ్యం, రుచి ఆ తరవాతి సంగతి. అందుకే ఎర్రగా, నున్నగా, ఒక్క మచ్చ లేకుండా ఉంటే చాలనుకున్నారు.

యాపిల్ చరిత్రలోని పెద్ద పొరపాటు కూడా సరిగ్గా ఇదే. 19వ శతాబ్దం చివర అమెరికాలోని అయోవా రాష్ట్రంలో జెస్సీ హయాట్ అనే రైతు తోటలో, నాటకుండానే మొలిచిన ఒక చెట్టు పసుపు మీద ఎర్రచారలున్న తియ్యని పండ్లు కాసింది. ఆయన దానికి హాకై అని పేరు పెట్టుకున్నాడు. స్టార్క్ సోదరుల నర్సరీ వారు పండ్ల పోటీకి వచ్చిన ఆ కాయను రుచి చూసి, హక్కులు కొని, డెలిషియస్ అని పేరు మార్చారు. ఆ తరవాత గోల్డెన్ డెలిషియస్ వచ్చి చేరడంతో పాతది రెడ్ డెలిషియస్ అయింది. అప్పటి నుంచి దశాబ్దాల పాటు తోటలవాళ్లు ఈ చెట్లలో ఎక్కడైనా మామూలు కన్నా ఎర్రని కాయలు కాసే కొమ్మ కనిపిస్తే దాన్నే అంటు కట్టుకుంటూ పోయారు. ఎరుపు పెరిగింది, తోలు మందమైంది, చేదెక్కింది. పైగా తీపి ఎక్కకముందే కాయ ఎర్రబడడం మొదలైంది కాబట్టి ముందుగానే కోసి అమ్మేయడానికి వీలు చిక్కింది. మేడిపండును ఎవరూ అలా తయారు చేయలేదు, అది పుట్టుకతోనే అంత. రెడ్ డెలిషియస్‌ను మాత్రం మనుషులే ఏరి ఏరి మేడిపండును చేశారు.

ఈ వంశమే భారతదేశానికి వచ్చింది. ఫిలడెల్ఫియా నుంచి 1904లో ఇక్కడికి వచ్చి సిమ్లా కొండల్లోని కోట్‌గఢ్ ప్రాంతంలో స్థిరపడిన శామ్యూల్ ఎవాన్స్ స్టోక్స్, 1916లో డెలిషియస్ మొక్కలను తెప్పించి నాటాడు. అంతకుముందే 1870 ప్రాంతంలో కులూ లోయలో కెప్టెన్ లీ అనే ఆంగ్లేయుడు యాపిల్ తోట వేసినా, అతను పెంచిన పుల్లని ఇంగ్లండు రకాలు ఇక్కడివారి నాలుకకు ఎక్కలేదు, తియ్యని డెలిషియస్‌కే గిరాకీ వచ్చింది. స్టోక్స్ జాతీయోద్యమంలో చేరి జైలుకు వెళ్లాడు, ఆ తరవాత సత్యానంద్ అని పేరు మార్చుకున్నాడు. ఈనాడు బెంగళూరు బండి మీద ‘సిమ్లా’ అని పిలిచే రాయల్ డెలిషియస్ ఆ తోటల పరంపరలోనిదే. అది చెడ్డ పండు అనడానికి లేదు. చెట్టు మీద తగినంత కాలం ఉండి, ఎత్తైన కొండ చలి తగిలి, కోసిన రెండు మూడు వారాల్లో చేతికి వస్తే మంచి వాసన, నిలకడైన తీపి ఉన్న పండే. అది ఆరు నెలల తరవాత చేతికి వస్తుంది, అక్కడే చిక్కు.

రకం గురించి ఇంకొక మాట చెప్పుకోవాలి. యాపిల్ గింజ నాటితే తల్లిచెట్టు పండు రాదు, ప్రతి గింజా కొత్త చెట్టే, అందులోనూ చాలావరకు పుల్లని, వగరు కాయలే కాస్తుంది. తెలుగువారికి దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు. అంటుమామిడికీ గింజమామిడికీ తేడా తెలియని పల్లె లేదు. లోకంలోని గాలా అనే రకం యాపిల్ చెట్లన్నీ ఒకే చెట్టు కొమ్మల అంట్లు అయినట్టే, నికరమైన బంగినపల్లి చెట్లూ అంట్ల వల్లనే ఆ గుణం నిలబెట్టుకున్నాయి. యాపిల్ అడవి పూర్వీకులు ఇప్పటికీ కజకిస్తాన్‌లోని తియాన్‌షాన్ కొండల మీద ఉన్నాయి. రష్యన్ శాస్త్రజ్ఞుడు నికొలాయ్ వావిలోవ్ 1929లో అల్మాటీ చుట్టుపక్కల కొండలపై యాపిల్ అడవులను చూసి, ఈ పండు పుట్టిల్లు ఇదేనని నిర్ణయించాడు. తరవాత జన్యుపరిశోధనలు ఆ మాటనే బలపరిచాయి. ఆ అడవిలో ఏ రెండు చెట్ల కాయలూ ఒక్కలా ఉండవు. అంత వైవిధ్యం ఉన్న పండును ‘ఎర్రది, పచ్చది’ అని రెండు ముక్కల్లో తేల్చేయడం అన్యాయమే.

బెంగళూరులో సులభంగా దొరికే రకాలనే చూసినా తేడాలు చిన్నవి కావు. ఫుజీని జపాన్‌లోని ఫుజిసాకి పరిశోధన కేంద్రంలో రెడ్ డెలిషియస్‌కూ రాల్స్ జానెట్ అనే మరో పాత అమెరికన్ రకానికీ సంకరం చేసి రూపొందించారు. 1962లో ఆ పేరు పెట్టారు. రంగు పాలిపోయినట్టు ఉండడం వల్ల చూపుకు ఆనకపోయినా రసం, కరకర రెండూ దానిలో దండిగా ఉంటాయి, నిలవకూ బాగా ఆగుతుంది. న్యూజిలాండ్‌లో పుట్టిన గాలా చిన్న కాయ, తోలు పలచన, వాసన మంచిది, కాని తొందరగా మెత్తబడుతుంది. 1868 ప్రాంతంలో ఆస్ట్రేలియాలో మరియా ఆన్ స్మిత్ అనే ఆమె తోటలో మొలిచిన గ్రానీ స్మిత్ పులుపు పండు. పచ్చిమామిడి సరిగా దొరకని దేశాల్లో ఉన్న తెలుగువారు దానితో పులిహోర కలిపి, ఆవకాయ కూడా పెట్టారు. యాపిల్ పులుపుకు మూలమైన మాలిక్ ఆమ్లాన్ని స్వీడన్ రసాయనవేత్త షీలే 1785లో యాపిల్ రసం నుంచే వేరు చేశాడు, దాని పేరు కూడా యాపిల్‌కు లాటిన్‌లో ఉన్న మాట నుంచి వచ్చిందే. తీపి ఒక్కటే చూసి కొనేవారికి ఈ ఆమ్లం ఎందుకు ముఖ్యమో మామిడి ద్వారానే తెలుస్తుంది. పులుపు బొత్తిగా లేని రసం చప్పగా, చక్కెర నీళ్లలా ఉంటుంది కదా. కాశ్మీరు సొంత రకమైన అంబ్రీ మాత్రం సువాసనకు ఎంత పేరున్నదైనా బెంగళూరు బండి మీద కనిపించడం అరుదు.

పండు మీది చీటీ కొంత సాయం చేస్తుంది. నాలుగంకెల సంఖ్య రకాన్ని చెబుతుంది. 4017 అంటే గ్రానీ స్మిత్, 4131 అంటే ఫుజీ. తొమ్మిదితో మొదలయ్యే ఐదంకెలు ఉంటే సేంద్రియ సాగు అని అర్థం. ఏ నెలలో కోశారన్నది మాత్రం ఏ చీటీ చెప్పదు, కొనేవారికి అన్నిటికన్నా అవసరమైన సంగతి అదే.

ఆ సంగతి తెలుసుకోవడానికి కొండల కాలం తెలిస్తే చాలు. హిమాచల్‌లో తక్కువ ఎత్తున్న తోటల కాయ జూలైలో దిగడం మొదలవుతుంది, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో సిమ్లా, కులూ ప్రాంతాల ముఖ్యమైన కాపు వస్తుంది, అన్నిటికన్నా ఎత్తైన కిన్నౌర్ కాయ అక్టోబరు దాకా సాగుతుంది. దేశంలో పండే యాపిల్‌లో సుమారు నాలుగింట మూడు వంతులు పండించే కాశ్మీరులో ఆగస్టు నుంచి నవంబరు తొలి రోజుల వరకు కోత ఉంటుంది, సోపోర్ మండీ ఆ వ్యాపారానికి గుండెకాయ వంటిది. అక్కడి నుంచి బెంగళూరుకు దారి సుమారు 3,000 కిలోమీటర్లు. కోత కాలమూ వానకాలమూ కలిసే ఆ నెలల్లో కొండచరియలు విరిగిపడి జమ్మూ–శ్రీనగర్ రహదారి మూతపడితే లారీల్లోనే పండు కుళ్లుతుంది. 2025లో అలా జరిగినప్పుడే బడ్గాం నుంచి ఢిల్లీకి ప్రత్యేక పార్సిల్ రైలు నడిపారు. హోసూరు రోడ్డులోని సింగేన అగ్రహారం పండ్ల మార్కెట్‌లో దిగే పెట్టె వెనక ఇంత ప్రయాణం ఉంది. హిమాచల్‌లో కేజీల లెక్క తేలకుండా పెద్ద పెట్టెల్లో కుక్కి కట్టే పాత పద్ధతిని మాన్పించి, 2024 నుంచి 20 కిలోల ఒకే కొలత పెట్టెను తప్పనిసరి చేశారు. దీనివల్ల రైతుకు లాభం సంగతి ఎలా ఉన్నా, అడుగు వరసలో నలిగిన కాయలు తగ్గాలి.

నవంబరు దాటిన తరవాత దొరికే దేశవాళీ యాపిల్ అంతా గిడ్డంగి పండే. 1920లలో కేంబ్రిడ్జిలో కిడ్, వెస్ట్ అనే శాస్త్రజ్ఞులు మొదలుపెట్టిన పరిశోధనల ఫలితంగా వచ్చిన పద్ధతి ఇందుకు ఆధారం. కోసిన కాయ కూడా ఊపిరి పీల్చుకుంటూనే ఉంటుంది, ఆ ఊపిరిలో తన చక్కెరను, పులుపును తానే ఖర్చు పెట్టుకుంటుంది. గదిలో వేడిని సున్నా డిగ్రీల దగ్గరికి తెచ్చి, మామూలు గాలిలో 21 శాతం దాకా ఉండే ఆక్సిజన్‌ను 1 నుంచి 3 శాతానికి తగ్గిస్తే కాయ నిద్రపోయినట్టు నెలల తరబడి ఉంటుంది. ఇందులో మోసమేమీ లేదు. కాని నిద్ర లేచిన కాయ ముసలితనం త్వరగా వస్తుంది, వాసననిచ్చే ఎస్టర్లు పూర్తిగా తిరిగి రావు. ఏప్రిల్‌లో అలాంటి పండు కొని, బెంగళూరు ఎండలో రెండు రోజులు బల్ల మీది గాజు గిన్నెలో ఉంచి, యాపిల్ బాగుండదని తీర్పు చెప్పడం ఉగాదికి ముందు పచ్చికాయ కొరికి మామిడి పుల్లన అని తీర్పు చెప్పినట్టే.

ఇక్కడ దేశాభిమానులకు కొంచెం కష్టం కలిగించే నిజం ఒకటి ఉంది. భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్న న్యూజిలాండ్, చిలీ, దక్షిణాఫ్రికాలలో యాపిల్ కోత ఫిబ్రవరి నుంచి మే వరకు జరుగుతుంది. అంటే మే నెలలో నున్నటి చీటీతో వచ్చిన న్యూజిలాండ్ గాలా, సముద్రం మీద వారాలు గడిపినా, కిందటి సెప్టెంబరులో కోసిన సిమ్లా కాయ కన్నా వయసులో చిన్నది. దిగుమతి సుంకం చాలాకాలం 50 శాతంగా ఉండడం వల్ల దాని ధర ఎక్కువ. అమెరికా యాపిల్ మీద 2019లో వేసిన అదనపు 20 శాతాన్ని 2023లో తీసేశారు. అదే 2023లో కిలో 50 రూపాయల కన్నా తక్కువ ధరకు దిగుమతిని నిషేధించారు. ధర పెట్టగలిగినా, మామిడి మార్కెట్ నిండా ఉన్న మే నెలలో న్యూజిలాండ్ యాపిల్ కొనడం ఏ మాత్రం తెలివైన పనో ఎవరికి వారే తేల్చుకోవాలి.

కరకర అన్నది ఏమిటో తెలిస్తే మంచి యాపిల్‌ను ఎంచుకోవడమూ దాచుకోవడమూ రెండూ సులువవుతాయి. యాపిల్ పరిమాణంలో దాదాపు నాలుగో వంతు గాలే, అందుకే నీళ్లలో తేలుతుంది. తాజా కాయలో ప్రతి కణమూ నీటితో బిగిసి, పక్క కణంతో పెక్టిన్ అనే జిగురు ద్వారా గట్టిగా అతుక్కొని ఉంటుంది. కొరికినప్పుడు కణాలే పగిలి రసం ఒక్కసారిగా చిమ్ముతుంది, చప్పుడూ వస్తుంది. నిలవ ఉన్న కొద్దీ ఆ జిగురు కరిగిపోతుంది. అప్పుడు కొరికితే కణాలు పగలవు, ఒకదాని నుంచి ఒకటి విడిపోతాయి. రసం లోపలే ఉండిపోయి, నాలుకకు తడి పిండి తగిలినట్టు ఉంటుంది. కాబట్టి పిండిగా ఉన్న యాపిల్‌లో నీళ్లు లేవనుకోవడం పొరపాటు, ఉన్న నీళ్లు బయటికి రావడం లేదంతే. చేతిలోకి తీసుకుంటే బరువుగా, వేలితో మీటితే గట్టి చప్పుడు చేసేదిగా, తొడిమ దగ్గర ముడుతలు లేకుండా ఉన్నది కొనాలి. కొన్న వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాలి, ఎందుకంటే గది వేడిలో అది చలిలో కన్నా ఎన్నో రెట్లు త్వరగా మెత్తబడుతుంది. మామిడి విషయంలో ఇదే పని చేస్తే నష్టం. సుమారు 12 డిగ్రీల కన్నా తక్కువ చలిలో పచ్చిమామిడి తోలు నల్లబడి, తరవాత ఎంత మాగబెట్టినా రుచి రాదు. ఒకే పంచలో ఈ రెండు పండ్లను ఒకేలా చూడడం వల్ల ఏదో ఒకటి పాడవుతుంది.

మాగబెట్టడం అన్న మాట తెలుగులో ఉన్నంత స్పష్టంగా అన్ని భాషల్లోనూ లేదేమో. ముదిరిన కాయను కోసి, వరిగడ్డిలో పేర్చి, గది మూసి, వాసన బయటికి వచ్చేదాకా ఎదురుచూడడం వేసవి సెలవుల్లో తెలుగు పిల్లలందరికీ తెలిసిన ఉత్కంఠ. సపోటాలను బియ్యం డబ్బాలో పూడ్చడమూ అదే విద్య. కాయ విడిచే ఇథిలీన్ వాయువు అక్కడ చిక్కుకొని పక్క కాయనూ పండిస్తుంది. మామిడి, అరటి, సపోటా, సీతాఫలం, యాపిల్ కోసిన తరవాత కూడా పండే జాతి. ద్రాక్ష, బత్తాయి, దానిమ్మ కోసిన క్షణం ఎలా ఉన్నాయో అంతే, వాటిని మాగబెడితే వాడిపోవడమే. పచ్చి సపోటాల పక్కన ఒక యాపిల్ పెడితే అవి త్వరగా పండుతాయి గానీ, ఆ యాపిల్ మాత్రం తీపి పెద్దగా పెరగక మెత్తబడుతుంది, దాని పిండిపదార్థంలో ఎక్కువ భాగం చక్కెరగా మారే పని చెట్టు మీదనే మొదలై ఉంటుంది కాబట్టి. తోటలవాళ్లు కాయను అడ్డంగా కోసి అయోడిన్ పూసి, నలుపు ఎంత తగ్గిందో చూసి కోత రోజును నిర్ణయిస్తారు. గడ్డికి బదులు కాల్షియం కార్బైడ్ పొట్లాలు పెట్టడం చట్టం నిషేధించిన పని, ఇథిలీన్ వాయువును పరిమితంగా వాడడానికి మాత్రం అనుమతి ఉంది. కార్బైడ్ పండును గుర్తుపట్టడం కొంచెం అనుభవంతో వస్తుంది: తోలంతా ఒకే పసుపు, తొడిమ దగ్గర వాసన శూన్యం, టెంక చుట్టూ పులుపు.

కాలాన్ని బట్టి తినడానికి బెంగళూరు అనువైన ఊరు, బెంగళూరు వంకాయను తెలుగువారికి ఇచ్చిన ఊరు కదా. నగరానికి ఉత్తరాన, తూర్పున పండే బెంగళూరు బ్లూ ద్రాక్షకు భౌగోళిక గుర్తింపు ఉంది. అది గింజ ఉన్న, నల్లని, మందపాటి తోలు ద్రాక్ష. నొక్కితే గుజ్జు తోలులోంచి జారి నోట్లో పడుతుంది, దాని కస్తూరి వంటి ఘాటు వాసన గింజలేని పచ్చ ద్రాక్షకు అలవాటుపడ్డ పిల్లలకు మొదట నచ్చదు. ఆ వాసనే దానికి ప్రాణం. నగరమంతటా పచ్చరంగు దుకాణాలున్న హాప్‌కామ్స్ సంస్థ కూడా 1959లో ద్రాక్ష రైతుల సహకార సంఘంగానే పుట్టింది. ఇప్పటికీ ఫిబ్రవరిలో ద్రాక్ష, పుచ్చకాయల మేళా, వేసవిలో మామిడి, పనసల మేళా నడుపుతుంది. దేవనహళ్లి పంపరపనసకూ గుర్తింపు ఉంది, అయితే దాని తోటలను విమానాశ్రయం చుట్టూ పెరిగిన లేఅవుట్లు మింగుతున్నాయి. హేసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థ తయారుచేసిన అర్క సహన్ సీతాఫలం గింజలు తక్కువై, తీపి ఎక్కువై బజారుకు వస్తోంది. దాన్ని తిన్నాక పాలమూరు కొండల చిన్న సీతాఫలం గుర్తుకొచ్చేవారికి గింజలు ఉమ్ముకోవడం కూడా ఆనందంలో భాగమేనని తోచవచ్చు. ఎర్రని తొనల సిద్ధు పనస తుమకూరు చెట్టు నుంచి ఇదే సంస్థ గుర్తించిన రకం. జూన్ వానలకు నేరేడు, ఆ పక్కనే మడికేరి నుంచి వచ్చే వెన్నపండు, అంటే అవకాడో.

తెలుగువారి పండుగలు కూడా ఒక విధంగా పండ్ల పంచాంగమే. భోగినాడు పిల్లల తల మీద పోసే రేగుపండ్లు, ఉగాది పచ్చడిలో లేత మామిడి, వినాయక చవితి పాలవెల్లికి కట్టే వెలగకాయ, కార్తీకంలో ఉసిరి చెట్టు కింది వనభోజనం. ఇందులో ఏదీ ఆరు నెలలు అటూ ఇటూ జరపడానికి వీలులేదు. మారతహళ్లిలోనో వైట్‌ఫీల్డ్‌లోనో పదో అంతస్తులో కాపురమున్న కుటుంబం కూడా జనవరి 13న రేగుపండ్ల కోసం పరుగెత్తుతుంది, యాపిల్ బేర్ పోస్తే దెబ్బ తగులుతుందని నాటు రేగే వెతుకుతుంది. యాపిల్ ఈ పంచాంగంలోకి రాలేదు, ఇక్కడి చెట్టు కాదు గనుక.

నిజానికి కొంతకాలం అది ఇక్కడి చెట్టే. ఒకప్పుడు బెంగళూరు చుట్టుపక్కల తోటల్లో రోమ్ బ్యూటీ అనే రకం యాపిల్ పండింది. ఒహాయో రాష్ట్రంలో పుట్టిన ఈ రకమే జావా దీవిలోని బాటు కొండల్లోనూ స్థిరపడింది. డెలిషియస్ వంటి రకాలకు చలికాలంలో 7 డిగ్రీల కన్నా తక్కువ వేడి ఉన్న గంటలు దాదాపు వెయ్యి కావాలి. ఆ చలి తగిలితేనే మొగ్గ నిద్ర లేస్తుంది. 920 మీటర్ల ఎత్తున ఉన్న బెంగళూరులో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రతే 7.8 డిగ్రీలు, అదీ 1884 జనవరిలో. అలాంటి చలే లేని జావాలో రైతులు కాపు అయిన వెంటనే ఆకులన్నీ చేత్తో దూసి, చెట్టు నిద్రలోకి జారకముందే కొత్త పూత తెప్పిస్తారు, సంవత్సరానికి రెండు కాపులు తీస్తారు. ఇప్పుడు ఇజ్రాయెల్‌లో పుట్టిన అన్నా, బహామాస్‌కు చెందిన డార్సెట్ గోల్డెన్, హిమాచల్‌లోని బిలాస్‌పూర్ రైతు హరిమన్ శర్మ తయారుచేసిన హెచ్‌ఆర్‌ఎంఎన్-99 వంటి తక్కువ చలి రకాలతో దక్షిణాదిలో మళ్లీ ప్రయత్నాలు సాగుతున్నాయి. విశాఖ మన్యంలోని లంబసింగి ప్రాంతంలోనూ, తెలంగాణలోని ఆసిఫాబాద్ జిల్లాలోనూ చెట్లు కాశాయి. ఈ రకాలు వేసవిలోనే పండుతాయి, అంటే మామిడికి పోటీగా బజారుకు రావాలి. ఆ పోటీలో నెగ్గడం మాట అటుంచి, హిమాలయపు కాయకున్న గట్టిదనం వీటికి రావడం కష్టమే, వేడి రాత్రుల్లో ముదిరిన యాపిల్ త్వరగా మెత్తబడుతుంది గనుక.

బెంగళూరులో యాపిల్‌ను దాని వేళకు పట్టుకోవాలనుకునేవారు ఎదురుచూడవలసింది జూలై ఆఖరి వారం కోసం. బంగినపల్లి ముగిసి నెల దాటుతుంది, రసపురి కనబడదు, మల్లిక చివరి గంపల్లో ఉంటుంది. వాన తుంపరలో పాలిథీన్ పట్టా కప్పుకున్న బండి మీద ఒక పక్క నీలం మామిడి చిన్న కాయలు, పురుగు ఉంటుందేమోనన్న అనుమానంతో బేరం తగ్గి ఉంటాయి. ఇంకొక పక్క, పూర్తిగా రంగు తేలని, కొంచెం పులుపు మిగిలిన హిమాచల్ తొలి కాయలు, తొడిమకు ఆకు ఒకటి ఇంకా వేలాడుతూ, పెట్టెలోంచి అప్పుడే తీసి పేర్చినవి ఉంటాయి. మాట వరసకు ఏ ఊరివని అడిగితే బండివాడు సిమ్లా అంటాడు. సిమ్లాలో ఎక్కడివని రెండోసారి అడిగితే కాస్త ఆగి, పెట్టె మీది అక్షరాలు చూసి చెబుతాడు.